జవాబు ముందే చూచుట దోషమా?

(న్యాయాధిపతులు 14వ అధ్యాయము ముందుగా చదివి, పిమ్మట ఈ వ్యాసము చదువుడి.)



యౌవనస్థులు కొందరు ఇటీవల ఒక ప్రశ్న వేయుచున్నారు. "వీడియో గేములో ఒక చిక్కు వచ్చినది. రెండు దినములు ప్రయత్నించినను విడలేదు. యూట్యూబులో దాని జవాబు ఉన్నది. అది చూచిన యెడల మోసమగునా?" అని వారి ప్రశ్న. ఇది వినిన పెద్దలు నవ్వవచ్చును. ఆటయే వ్యర్థమైన పని, ఆటలో మరల న్యాయమేమి, మోసమేమి అని అనవచ్చును. అయితే ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. విడని చిక్కు ఎదుట కూర్చుండినప్పుడు మనుష్యుడు ఏమి చేయును? కోపపడునా? లేచి పోవునా? ఇతరుని జవాబు ఎత్తుకొని తనదని చెప్పుకొనునా? ఓపికతో మరల మొదటినుండి చూచునా? ఆటలో కనబడిన ఆ స్వభావమే చదువులోను, సేద్యములోను, సంసారములోను కనబడును. ఆటలో నష్టము స్వల్పము గనుక మన స్వభావమును మనము భయము లేకుండ అక్కడ చూచుకొనవచ్చును.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పుటకు వీలులేదు. నష్టము వేరు, దోషము వేరు. ఈ రెండింటిని వేరుచేసి చూచినగాని ప్రశ్న తేలదు.

1. ద్వీపములోని ఇల్లు

వీడియో గేములన్నియు ఒక్క జాతివి కావు. కొన్నిటిలో పరుగు, కాల్పులు, పందెములు ఉండును. మరికొన్నిటిలో ఆలోచనయే పని. మన పొడుపుకథలను బొమ్మలలో నిర్మించిన యెడల ఎట్లుండునో అవి అట్లుండును. ఇట్టివాటిలో పేరుపొందినది "మిస్ట్" అను ఆట. ఇది 1993వ సంవత్సరము సెప్టెంబరు 24న అమెరికాలో వెలువడెను. ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను అన్నదమ్ములు వాషింగ్టన్ రాష్ట్రములో స్పోకేను పట్టణ పరిసరములలో కొద్దిమంది సహాయముతో దీనిని తయారుచేసిరి. వీరి తండ్రి సువార్త బోధకుడు. ఈ ఆట 60 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయెను. కంప్యూటరు ఆటలలో అన్నిటికంటె ఎక్కువ అమ్ముడైన ఆట అను పేరు 2002 వరకు దీనికే ఉండెను.

ఆట ఆరంభించిన వాడు ఒక ద్వీపపు రేవులో నిలిచియుండును. అక్కడ మనుష్యులు కనబడరు. శత్రువు లేడు. కాలపరిమితి లేదు. ఏమి చేయవలెనో చెప్పువారు లేరు. మెట్లు ఎక్కి పోగా ఒక గ్రంథాలయము, ఒక గోపురము, నీళ్లలో సగము మునిగిన ఓడ బొమ్మ, పండ్లచక్రములు, మీటలు కనబడును. ప్రతి వస్తువు ఏదో చెప్పుచున్నట్లుండును గాని ఏమి చెప్పుచున్నదో తెలియదు. ఆట కొనినవారికి పెట్టెలో ఒక తెల్ల కాగితముల పుస్తకము కూడ ఇచ్చిరి. చూచినది, వినినది వ్రాసికొనుమని దాని భావము. ఆట ఆడుటకు కావలసినది చేతివేగము కాదు, గమనించి వ్రాసికొనుట అని ఆ ఖాళీ పుస్తకమే చెప్పుచున్నది.

ఈ ఆటలో ఒక విశేషము కలదు. కథను ముగించు తుది రహస్యము మొదటి ద్వీపములోని గ్రంథాలయములోనే ఉన్నది. అక్కడ ఒక పొయ్యి గూడు ఉన్నది. దాని లోపల చిన్న చిన్న గడులను నొక్కి ఒకానొక గుర్తును వేసిన యెడల ఆ గూడు తిరిగి వెనుక గది కనబడును. ఆ గుర్తు ఏదో తెలియుటకు ఆటగాడు నాలుగు వేరు లోకములకు పోయి, అక్కడి చిక్కులన్నియు విప్పి, చిరిగిన పుటలు తెచ్చి కూర్చవలెను. అందుకు కొందరికి వారములు పట్టెను, కొందరికి నెలలు పట్టెను. అయితే పాత ప్రతిలో ఆ గుర్తు ఎవరికైనను ఒక్కటే. కాబట్టి దానిని ముందే ఎవరైనను చెప్పిన యెడల, ఆటగాడు నాలుగు లోకములలో ఒక్కదానిలోనైనను అడుగు పెట్టకుండ, ద్వీపములో చేయవలసిన మరి యొకటి రెండు పనులు చేసికొని, కొద్ది నిమిషములలో ఆట ముగింపవచ్చును.

ఇప్పుడు ఆలోచించుడి. ఇద్దరు ఆట ముగించిరి. ఒకడు నెల దినములు వెదకెను. ఒకడు కొద్ది నిమిషములలో జవాబు వేసెను. ఇద్దరి తెర మీద కనబడు తుది బొమ్మ ఒక్కటే. ఇద్దరికి దొరికినది ఒక్కటేనా?

2. పొయ్యి వెనుక నున్న పరీక్ష

ఈ కథలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. ఒకడు ఎఱ్ఱ పుస్తకములో, ఒకడు నీలి పుస్తకములో చెరపట్టబడియున్నారు. చిరిగిన పుటలు తెచ్చి తనను విడిపింపుమని ఇద్దరును బ్రతిమాలుదురు. తాను నిరపరాధిననియు, రెండవవాడే దుష్టుడనియు ఇద్దరును చెప్పుదురు. వీరిలో ఎవని మాట నమ్మవలెను? ఆట నోరు తెరచి చెప్పదు. అయితే ఆ నాలుగు లోకములలో వారు నివసించిన గదులు ఉన్నవి. ఒకని గదులలో దోచి కూడబెట్టిన సొమ్ములును విలాస వస్తువులును కనబడును. మరి యొకని గదులలో హింసించు సాధనములు కనబడును. కన్నులు విప్పి నడిచినవానికి ఇద్దరును నమ్మదగినవారు కారని మెల్లగా తెలియును. తొందరపడి ఎవనిని విడిపించినను, వాడు బయటికి వచ్చి విడిపించినవానిని తన చెరలో వేయును.

జవాబు ముందే చూచినవాడు ఈ అపాయములో పడడు. తలుపు ఎట్లు తెరవవలెనో, ఎవనిని నమ్మకూడదో వానికి ఎవరో చెప్పిరి. అయితే దుష్టుని గుర్తుపట్టుటకు వాడు నేర్చుకొనలేదు. వాని గది చూచి, వాని మాటతో పోల్చి, రెండింటికి పొందిక లేదని కనిపెట్టు పని వాడు చేయలేదు. రేపు అట్టి ఇద్దరు నిజముగా వాని యింటి వాకిట నిలిచి, తియ్యని మాటలతో సంతకము పెట్టుమని అడిగిన దినమున యూట్యూబులో జవాబు దొరకదు.

నష్టము అనగా ఇదియే. జవాబు చూచినందున ఎవరి సొత్తును పోలేదు. ఎవరికిని అన్యాయము జరుగలేదు. అయితే చూచినవాడే ఒకటి పోగొట్టుకొనెను. ఫలము వానికి దక్కెను గాని చెట్టెక్కుట రాలేదు.

ఇది కేవలము మన ఊహ కాదు. 1978లో స్లామెకా, గ్రాఫ్ అను ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష జరిపిరి. కొందరికి మాటల జతలను పూర్తిగా వ్రాసి చదువుమనిరి. కొందరికి మొదటి మాటను, రెండవ మాటలో తొలి అక్షరమును మాత్రము ఇచ్చి, తక్కినది మీరే తలంచి పలుకుడనిరి. తరువాత అడిగి చూడగా, తామే తలంచి పూర్తిచేసిన మాటలు ఎక్కువగా జ్ఞాపకముండెను. కేవలము చదివినవి అంతగా నిలువలేదు. ఇక్కడ మరి యొక సంగతి గమనింపదగినది. వారికి ఏమియు ఇయ్యకుండ వదలలేదు. అక్షరము ఇచ్చిరి, దారి చూపిరి. చివరి అడుగు మాత్రము వారిచేతనే వేయించిరి. ఆ ఒక్క అడుగే భేదమును కలుగజేసెను.

3. మనము ఏల చిక్కుకొందుము?

చిక్కు విడనప్పుడు మనము సాధారణముగా, "నాకు తెలివి చాలదు" అనియైనను, "ఈ ఆట చేసినవాడు మూర్ఖుడు" అనియైనను అందుము. చాల పర్యాయములు రెండును నిజము కావు. పాత అలవాటు మన కన్నులను కప్పుచున్నది.

లూచిన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1942లో కుండల లెక్కలతో దీనిని చూపించెను. మీరును ఇంటిలో పిల్లలకు వేసి చూడవచ్చును. మూడు కుండలు ఉన్నవి. మొదటిది 21 కొలతలు, రెండవది 127 కొలతలు, మూడవది 3 కొలతలు పట్టును. 100 కొలతల నీళ్లు కావలెను. ఎట్లు? రెండవ కుండ నింపి, అందులోనుండి మొదటి కుండ నిండ ఒకసారి, మూడవ కుండ నిండ రెండుసారులు తీసివేయవలెను. 100 మిగులును. ఇదే మార్గమున విడు లెక్కలు వరుసగా కొన్ని ఇచ్చెను. పిమ్మట వేరొక లెక్క ఇచ్చెను. కుండలు 23, 49, 3. కావలసినది 20 కొలతలు. వరుసగా చేయుచు వచ్చినవారిలో పెక్కుమంది పాత మార్గముననే 49లోనుండి 23, మరల 3, మరల 3 తీసివేసి 20 తెచ్చిరి. అయితే 23లోనుండి 3 తీసిన చాలునుగదా! క్రొత్తగా వచ్చి ఆ లెక్కను చూచినవారు దానిని సులభముగా కనిపెట్టిరి. పాత మార్గము చొప్పున అసలే విడని లెక్క వచ్చినప్పుడు, చిన్న పిల్లవానికి తోచు మార్గము అలవాటు పడినవారికి తోచలేదు. కన్నులు తెరచి చూడవలెనను హెచ్చరికను తమ కాగితము మీద తామే వ్రాసికొనినప్పుడు కొందరు మేలుకొనిరి.

మిస్ట్ ఆటలో దీనికి సరియైన ఉదాహరణ ఒకటి కలదు. ఒక లోకములో భూమి క్రింద దారులు చీలి చీలి పోవు చీకటి త్రోవ ఉన్నది. చిన్న బండిలో కూర్చుండి పోవలెను. అనేకులు కాగితము మీద గీతలు గీసి, తప్పిన దారినెల్ల కొట్టివేయుచు, గంటల తరబడి తిరిగిరి. అయితే ప్రతి మలుపునొద్ద ఒక శబ్దము వినబడును. ఆ శబ్దమే ఏ దిక్కునకు పోవలెనో చెప్పుచున్నది. ఏ శబ్దము ఏ దిక్కునకు గుర్తో వేరొక లోకములో, తిరుగు కోటనొద్ద, ముందే వినిపించియున్నారు. కన్నులతోనే వెదకుట అలవాటైనవాడు చెవులను ఉపయోగింపలేదు. జవాబు వాని చెవిలో మ్రోగుచునే యుండెను.

మనకు జరుగునదియు ఇట్టిదే. కొడుకు మాట వినుటలేదని తండ్రి గద్దించును. వినలేదని ఇంకను గట్టిగా గద్దించును. పోయిన సంవత్సరము పనిచేసిన మార్గమే పది మారులు త్రొక్కును. కొడుకు ఒక్కసారి నోరు తెరచి ఏదో చెప్పబోయిన దినము తండ్రి చెవి అక్కడ లేదు.

కాబట్టి చిక్కు విడనప్పుడు చేయవలసిన మొదటి పని ఇంకను బలముగా తోయుట కాదు. "నేను ఏది నిజమని అనుకొని ఇక్కడికి వచ్చితిని? అది నిజమేనా?" అని అడిగికొనవలెను. వ్రాసికొనిన కాగితమును మొదటినుండి మరల చదువవలెను.

రెండవ పని విశ్రాంతి. వందకు పైగా పరీక్షలను కూర్చి సియో, ఆర్మెరాడ్ అను పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలనలో, విడని సమస్యను కొంతసేపు విడిచి మరల పట్టుకొనుట వలన మేలు కలుగుచున్నదని తేలినది. అయితే ముందుగా ఎక్కువసేపు ప్రయత్నించినవారికి ఆ మేలు ఎక్కువ. విత్తనము వేసి నిద్రించినవాని పొలములో మొలక వచ్చును. విత్తనము వేయకుండ నిద్రించినవానికి నిద్రయే మిగులును. రాత్రి పన్నెండు గంటలవరకు మేలుకొని, తెర మీద కన్నులు నిలిపి, తల్లి పిలిచిన యెడల కసరుకొనువాడు చిక్కును విప్పుటలేదు, చిక్కే వానిని బిగించుచున్నది. అట్టివాడు ఫోను ప్రక్కన పెట్టి పండుకొనుటయే జ్ఞానము.

4. అన్యాయపు ప్రశ్నలు కూడ కలవు

ఓపిక పట్టుడని చెప్పినప్పుడు ఒక సంగతి మరువకూడదు. వేయబడిన ప్రతి ప్రశ్నయు న్యాయమైన ప్రశ్న కాదు.

1999లో "గేబ్రియల్ నైట్" అను ఆటల వరుసలో మూడవది వెలువడెను. అందులో కథానాయకుడు ఒక మోటారు సైకిలు అద్దెకు తీసికొనుటకు తన స్నేహితుని వేషము వేయవలెను. అందుకు ఆటగాడు ఒక పిల్లి వెండ్రుకలను అంటుకాగితముతో సంపాదించి, తియ్యని పాకముతో అంటించి మీసము తయారుచేయవలెను. ఇంతకు ఆ స్నేహితునికి మీసమే లేదు! కాబట్టి అతని గుర్తింపు పత్రములోని బొమ్మకు కూడ మీసము గీయవలెను. దీనిని ఎవడు ఊహింపగలడు? ఆట ప్రపంచములో ఈ చిక్కు నేటికిని నవ్వులపాలగుచున్నది. ఇట్టిదానికి జవాబు చూచినవాడు ఏమి పోగొట్టుకొనును? ఏమియు లేదు. తర్కము లేని చోట వెదకుటవలన తర్కము పెరుగదు.

ఇప్పుడు సమ్సోను విప్పుడు కథను జ్ఞాపకము చేసికొనుడి. పెండ్లి విందులో ముప్పదిమంది స్నేహితుల ఎదుట అతడు ఒక విప్పుడు కథ వేసెను. విందు జరుగు ఏడు దినములలో విప్పిన యెడల 30 నారబట్టలు, 30 దుస్తులు ఇచ్చెదననెను. విప్పలేని యెడల వారు అతనికి అంతే ఇయ్యవలెను. అయితే ఆ కథ దేనిమీద కట్టబడినది? తాను ఒంటరిగా సింహమును చంపిన సంగతి మీదను, తరువాత దాని కళేబరములో తేనె దొరకిన సంగతి మీదను కట్టబడినది. ఇది అతడు తల్లిదండ్రులకైనను చెప్పలేదు. వినువారు ఎంత తెలివిగలవారైనను ఆ సంగతి తెలియక విప్పుట అసాధ్యము. అనగా ప్రశ్న వేసినవాడు న్యాయముగా వేయలేదు.

సరే, ప్రశ్న అన్యాయమైనది. అప్పుడు ఆ ముప్పదిమంది ఏమి చేయవలసియుండెను? "ఇది మాకు విడదు" అని ఒప్పుకొనవచ్చును. "ఇది ఎవనికిని విడు కథ కాదు" అని ముఖము ఎదుటనే చెప్పవచ్చును. వారు రెండును చేయలేదు. పెండ్లికుమార్తె యొద్దకు పోయి, నీ భర్తవలన జవాబు తెలిసికొని చెప్పని యెడల నిన్నును నీ తండ్రి యింటివారిని అగ్నితో కాల్చివేయుదుమని బెదరించిరి. ఆమె యేడ్చి యేడ్చి భర్తను అడిగి తెలిసికొని వారికి చెప్పెను. ఏడవ దినమున వారు తామే విప్పినట్లు వచ్చి జవాబు చెప్పిరి. తరువాత జరిగినది చూడుడి. సమ్సోను కోపముతో అష్కెలోనుకు పోయి ముప్పదిమందిని చంపి, వారి దుస్తులు తెచ్చి పందెము చెల్లించెను. తరువాతి అధ్యాయములో ఆమెయు ఆమె తండ్రియు అగ్నితోనే కాల్చబడిరి. బట్టల కొరకు వేసిన విప్పుడు కథ ఇంత రక్తముతో ముగిసెను.

ఇక్కడ దోషము ఎక్కడ ఉన్నది? జవాబు తెలియకపోవుటలో లేదు. మరి యొకరిని అడుగుటలో లేదు. షేబ దేశపు రాణి కఠినమైన ప్రశ్నలు మూటగట్టుకొని సొలొమోనును అడుగుటకు యెరూషలేమునకు వచ్చెను. అడుగుట ఆమెకు అవమానము కాలేదు. సమ్సోను స్నేహితులు జవాబును బలాత్కారముగా తీసికొనిరి, బలహీనురాలిని నలుగగొట్టి తీసికొనిరి, తీసికొనినదానిని తమ తెలివిగా చూపి పందెము గెలుచుకొనిరి. దోషము ఈ మూడింటిలో ఉన్నది.

5. ఎంతవరకు అడుగవచ్చును?

అమెరికాలో 1980 తరువాత ఇన్ఫోకామ్ అను కంపెనీ, బొమ్మలు లేకుండ కేవలము మాటలతో నడచు "జోర్క్" మొదలైన ఆటలను అమ్మెను. వాటిలో చిక్కుకొనినవారి కొరకు ఆ కంపెనీ ఒక వింత పుస్తకము తయారుచేసెను. అందులో ప్రశ్నలు కంటికి కనబడును గాని జవాబులు కనబడని సిరాతో అచ్చువేయబడియుండును. ప్రత్యేకమైన కలముతో రాచిన యెడల జవాబు బయటపడును. ఒక్కొక్క ప్రశ్నకు వరుసగా అనేక జవాబులు ఉండును. మొదటిది చిన్న సూచన మాత్రమే. రెండవది కొంచెము స్పష్టము. చివరిది పూర్తి జవాబు. ఎక్కడ ఆపవలెనో ఆటగాని చేతిలో ఉన్నది. ఒక సూచన చూచి, కలము మూసి, మరల ఆటకు పోవచ్చును.

సహాయము చేయువారు నేర్చుకొనదగిన పద్ధతి ఇది. తమ్ముడు వచ్చి, "అక్కా, ఈ లెక్క రాలేదు" అనినప్పుడు అక్క పలక లాగుకొని తానే చేసి ఇచ్చిన యెడల పని త్వరగా ముగియును. తమ్ముడు రేపును వచ్చును, ఎల్లుండియు వచ్చును. "ఎంతవరకు వచ్చినది? ఎక్కడ ఆగినావు? ఆ రెండవ వరుస మరల చదువుము" అనిన అక్క, తన సమయమును ఎక్కువ ఖర్చుపెట్టును. అయితే ఆమె తమ్మునికి ఎక్కువ ఇచ్చుచున్నది.

సహాయము అడుగువాడు కూడ ఇదే కొలత పట్టుకొనవలెను. జవాబు ఏమిటి అని అడుగుటకు ముందు, నేను ఎక్కడ తప్పితిని అని అడుగవలెను. పూర్తి జవాబు చూడక తప్పని యెడల, చూచిన తరువాత ఆగి, "ఇది ఏల జవాబైనది?" అని తనకు తాను చెప్పుకొనవలెను. చెప్పగలిగిన యెడల నష్టములో కొంత తిరిగి వచ్చినట్లే. చెప్పలేని యెడల చేతిలో నున్నది జవాబు కాదు, అంకె మాత్రమే.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక అవసరము. ఇప్పుడు ఫోనులో దొరకు చిక్కు ఆటలలో అనేకము ఉచితముగా వచ్చును. అయితే విడని చోట సూచన కావలెననిన ప్రకటన చూడుమనును, లేదా డబ్బు చెల్లించుమనును. ఇట్టి చోట సూచన అమ్మువాడు, చిక్కు వేసినవాడు ఒక్కడే. మార్గము నిర్మించినవాడే మార్గములో గొయ్యి త్రవ్వి, నిచ్చెన అద్దెకిచ్చిన యెడల, ఆ గొయ్యి మన ఓపికను పెంచుటకు త్రవ్వబడినదని తలంపరాదు. నాన్నగారి ఫోనునుండి పదియు, ఇరువదియు రూపాయలు చెప్పకుండ చెల్లించుచు పిల్లవాడు ముందుకు పోవుచున్న యెడల అది ఆట కాదు. అక్కడ నష్టము దోషమగుచున్నది. పిల్లవానిని కొట్టుటకంటె, ప్రక్కన కూర్చుండి ఆ ఆట ఎట్లు డబ్బు లాగుచున్నదో ఇద్దరును కలిసి విప్పుట మేలు. అది ఆటలోని చిక్కుకంటె విప్పదగిన చిక్కు.

6. జవాబు పుస్తకము లేని చోట

ఆటలో ఓపిక పట్టుట వలన లోకమునకు ఏమి లాభమని అడుగువారికి ఒక సంగతి చెప్పవచ్చును. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు 2008లో "ఫోల్డిట్" అను ఆటను విడుదలచేసిరి. మన శరీరములోను, క్రిములలోను ఉండు ప్రోటీనులు దారపు ఉండవలె మడతలు పడియుండును. ఆ మడతలు ఎట్లుండునో కనిపెట్టుట మిక్కిలి కష్టము. ఆ పనినే ఆటగా చేసి, ఎవరైనను ఆడవచ్చుననిరి. కోతులలో ఎయిడ్స్ వంటి రోగము కలుగజేయు ఒక వైరసునకు సంబంధించిన ప్రోటీను రూపము పది సంవత్సరములకు పైగా శాస్త్రజ్ఞులకు అందలేదు. ఆ చిక్కును ఆటగాళ్ల ముందు పెట్టగా, మూడు వారములలో దారి చూపు నమూనాను వారు తయారుచేసిరి. ఈ సంగతి 2011లో శాస్త్ర పత్రికలో ప్రకటింపబడెను. వారిలో పెక్కుమంది ఆ శాస్త్రము చదివినవారు కారు. అప్పుడు ఆ చిక్కునకు జవాబు చూపు వీడియో ఎక్కడను లేకుండెను, ఏలయనగా జవాబు భూమిమీద ఎవరికిని తెలియకుండెను. చేసి చూచుట, తప్పు దిద్దుకొనుట, మరి యొకని ప్రయత్నము మీద తన ప్రయత్నమును కట్టుట, ఇవి మాత్రమే వారియొద్ద ఉండెను.

మన బ్రదుకులోని పెద్ద చిక్కులు ఈ జాతివే. అన్నదమ్ముల మధ్య గట్టు తగవు వచ్చినది. అప్పు పెరిగినది, పంట అమ్మవలెనా, నిలువచేయవలెనా? కుమార్తెను దూరపు కాలేజీకి పంపవలెనా? మంచము పట్టిన తల్లిని ఎవరు చూడవలెను? వీటికి మరి యొకని యింటి జవాబు తెచ్చి మన యింటిలో వేసిన యెడల తలుపు తెరువబడదు. పొరుగువాని సలహా సూచనగా పనికివచ్చును, చివరి అడుగు మనమే వేయవలెను. చిన్న చిక్కుల యెదుట పది నిమిషములు కూర్చుండుట నేర్వనివాడు ఇట్టి చిక్కుల యెదుట పది నెలలు ఎట్లు కూర్చుండును?

7. తుదకు చెప్పవలసినది

కొందరు, "ఆట ఆటయే, ఇంత విచారణ ఏల?" అందురు. వారి మాటలోను న్యాయము కలదు. అలసిన పనివాడు రాత్రి అరగంట వినోదమునకు ఆట తెరచి, కథ ఎట్లు ముగియునో చూడవలెనని జవాబు చూచిన యెడల వానిని తప్పుపట్టువారు ఎవరు? కథ కొరకు వచ్చినవాడు కథ తీసికొనిపోవచ్చును. ఆటలో ప్రతి చిక్కును తానే విప్పవలెనను పంతము కూడ గర్వమే కావచ్చును. ఆ పంతముచేత పశువుల మేత, పిల్లల అన్నము, ఇంటివారి మాట మరచిన యెడల చిక్కు విడినను వాడు ఓడిపోయెను.

కాబట్టి ప్రశ్న వేసిన యౌవనస్థులకు మన జవాబు ఇది. జవాబు చూచుట దోషము కాదు. వెదకకముందే చూచుట నష్టము. ఆ నష్టము మీదే గనుక, భరింపవలెనో లేదో మీరే నిర్ణయించుకొనుడి. అయితే చూచి, చూడలేదని చెప్పుట దోషము. ఎవరికి వారే విప్పుదమని తోటివారితో ఒప్పుకొని, చాటున చూచుట దోషము. బలహీనుని బెదరించియైనను, తండ్రి డబ్బు దొంగిలించియైనను జవాబు సంపాదించుట దోషము. "నాకు విడలేదు, ఫలానివానిని అడిగి తెలిసికొంటిని" అని చెప్పుటకు సిగ్గుపడనివాడు ఎన్ని జవాబులు చూచినను చెడిపోడు.

ఇంటివారు రాత్రి భోజనమైన తరువాత కూడుకొని ఈ మూడు ప్రశ్నలు మాటలాడుకొనుడి. మన యింటిలో ఎవరైనను సహాయము అడిగినప్పుడు మనము జవాబు ఇచ్చుచున్నామా, దారి చూపుచున్నామా? ఇప్పుడు మన యింటిలో విడకయున్న చిక్కు ఏది, దానిని ఏ పాత మార్గమున మరల మరల తోయుచున్నాము? అందులో మనము ఇంకను చెవియొగ్గి విననిది ఎవరి మాట?